ఇంత అడవి, ఇన్ని చెరువులు ఉన్నా ములుగు పల్లెల్లో ఉద్యోగాలు ఎందుకు పెరగడం లేదు?

తమ్ముడూ, మీది గోవిందరావుపేట వైపు ఊరు అన్నారు. బీటెక్ చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు. చుట్టూ గుట్టలు, అడవి, పక్కనే లక్నవరం చెరువు ఉన్నా ఊళ్ళో చదువుకున్నవాళ్ళకు పని ఎందుకు దొరకడం లేదన్నది మీ మొదటి ప్రశ్న. ఉద్యోగం మానేసి, పది లక్షల లోనుతో పర్యాటకుల కోసం నాలుగు గదుల కాటేజీ కట్టొచ్చా అన్నది రెండోది.

ముందు జవాబు చెప్తాను. చూడ్డానికి జనం వచ్చినంత మాత్రాన ఉద్యోగాలు రావు, వచ్చినవాళ్ళు రాత్రి ఆగితేనే వస్తాయి. ఏడాదిలో ఎన్ని నెలలు ఆగుతారన్నది వాతావరణం తేలుస్తుంది. మన వైపు అవి గట్టిగా చూస్తే ఐదు నెలలు. కాబట్టి అప్పు చేసి నాలుగు గదులు ఇప్పుడే కట్టొద్దు. ఇంట్లో ఖాళీ గదులుంటే రెండింటితో వచ్చే అక్టోబరులో మొదలుపెట్టండి, ఉద్యోగం మానకండి.

నేను గ్రామీణ బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా, తర్వాత మేనేజరుగా ఎక్కువ కాలం ములుగు, భూపాలపల్లి, నర్సంపేట వైపే పనిచేశాను. రిటైరయ్యాక హనుమకొండలో ఉంటున్నాను. హోటళ్ళు, ఆటోలు, జీపులు, మహిళా సంఘాలు, చేపల సొసైటీలు, మిర్చి రైతులు అందరికీ లోన్లు ఇచ్చాను, వసూలూ చేశాను. కిస్తీ ఏ నెలలో వస్తుందో, ఏ నెలలో ఆగుతుందో చూస్తే ఆ ఊరికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిపోతుంది. ఇక్కడ రాసేది అలా తెలిసిందే.

"అందమైన చోట ఉద్యోగాలు పెరుగుతాయి" అని మీరు ఎక్కడో చదివినట్టు రాశారు. ఆ మాటకు ఆధారం ఉంది, అయితే అది అమెరికాది. 1999లో అక్కడి వ్యవసాయ శాఖ ఆర్థిక పరిశోధన విభాగంలో డేవిడ్ మెక్‌గ్రానహాన్ అనే ఆయన గ్రామీణ కౌంటీలకు ప్రకృతి మార్కులు వేశారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. ఆయన చూసినవి ఆరు: చలికాలం వెచ్చగా ఉండటం, చలికాలంలో ఎండ ఉండటం, ఎండాకాలం మరీ వేడిగా లేకపోవడం, ఎండాకాలంలో ఉక్కపోత తక్కువగా ఉండటం, కొండలూ లోయలూ, నీళ్ళున్న విస్తీర్ణం. 1970 నుంచి 1996 వరకు లెక్క తీస్తే మార్కులు బాగా ఎక్కువ వచ్చిన గ్రామీణ కౌంటీల్లో జనాభా సగటున 120 శాతం పెరిగింది, బాగా తక్కువ వచ్చినచోట 1 శాతమే. ఉద్యోగాల పెరుగుదల కూడా దాదాపు అదే దారిలో నడిచింది.

అయితే అక్కడ పని ఎలా పుట్టిందో చూడాలి. ముందు మనుషులు కాపురం మార్చారు. రిటైరైనవాళ్ళు పెన్షన్‌తో వచ్చారు, ఎక్కడి నుంచైనా పని చేసుకోగలిగినవాళ్ళు వ్యాపారంతో వచ్చారు. వాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు, కిరాణా కొన్నారు, డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఏడాది పొడవునా ఖర్చు పెట్టేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు కాబట్టి వాళ్ళ వెనకాలే ఉద్యోగాలు వచ్చాయి.

మన దగ్గర ఆ మొదటి అడుగే పడలేదు. రిటైరైన టీచరుగానీ సింగరేణి కార్మికుడుగానీ తాడ్వాయి అడవి బాగుందని అక్కడ ఇల్లు కట్టుకున్నది నేను చూడలేదు. హనుమకొండలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, ఎందుకంటే ఆస్పత్రి అక్కడుంది, మనవలు అక్కడున్నారు. 2020, 2021లో కరోనా వల్ల సాఫ్ట్‌వేర్ పిల్లలు ఊళ్ళకు వచ్చారు. కొన్ని నెలలు ఊరు కళకళలాడింది. గాలివానకు కరెంటు పోవడం, గుట్టల మధ్య సిగ్నల్ అందకపోవడం, చిన్నపిల్లలుంటే బడి సమస్య. ఆఫీసులు పిలవగానే అందరూ వెళ్ళిపోయారు. చెరువు అందం వాళ్ళను ఆపలేకపోయింది. కాబట్టి మన దగ్గర లెక్క వేయాల్సింది వచ్చి స్థిరపడేవాళ్ళను కాదు, వచ్చి పోయేవాళ్ళను.

ఇప్పుడు ఆ ఆరు మార్కులు మన ములుగుకే వేసి చూడండి. చలికాలం వెచ్చదనం, చలికాలపు ఎండ: పూర్తి మార్కులు. గుట్టలు, నీళ్ళు: మంచి మార్కులే. లక్నవరం, రామప్ప, పక్కనే వరంగల్ జిల్లాలో పాకాల, ఇవన్నీ కాకతీయుల కాలం చెరువులు, పైన గోదావరి. ఎండాకాలం దగ్గరికి వచ్చేసరికి మొత్తం పోతుంది. ఏప్రిల్, మేలో ఉత్తర తెలంగాణ జిల్లాల్లో 45 డిగ్రీలు దాటడం మామూలే. స్కూళ్ళకు పెద్ద సెలవులుండేది కూడా అప్పుడే. హైదరాబాద్ కుటుంబం పిల్లలతో పది రోజులు ఎక్కడికైనా వెళ్ళేది ఎక్కువగా ఆ సమయంలోనే, అదే సమయంలో మన దగ్గరికి రాలేరు. ఊటీకో అరకుకో పోతారు. మన నష్టం అసలు ఇక్కడుంది.

నెలల వారీగా నాకు కనబడింది చెప్తాను.

జులై నుంచి సెప్టెంబరు వరకు జలపాతాల కాలం. వాజేడు మండలంలో బొగత, ఆదిలాబాద్ వైపు కుంటాల, పొచ్చెర. ఆదివారం కార్లు బారులు తీరుతాయి. కానీ ఇవి రాత్రి ఆగే జనం కాదు. పొద్దున బయలుదేరి, నీళ్ళు చూసి, ఫోటోలు దిగి, మొక్కజొన్న కంకులు తిని వెళ్ళిపోతారు. పైగా వాన ఎక్కువైతే అధికారులు సందర్శన ఆపేస్తారు, ఆపాలి కూడా. 2023 జులైలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రామప్ప గుడి ఉన్నది ఆ మండలంలోనే. ఆ వరదల్లో జంపన్నవాగు కొండాయి ఊరిని ముంచింది, ప్రాణాలు పోయాయి. అలాంటి ఏడాది వానాకాలం గిరాకీని నమ్ముకుని కిస్తీ పెట్టుకున్నవాడి పరిస్థితి ఆలోచించండి. అందుకే వానాకాలపు ఆదాయాన్ని నేను లోను లెక్కలో పెట్టేవాణ్ణి కాదు. వస్తే సంతోషం, అంతే.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకే మన అసలు సీజను. దసరా సెలవులు, కార్తీకం, డిసెంబరు చివరి వారం, సంక్రాంతి. చెరువు నిండుగా ఉంటుంది, అడవి పచ్చగా ఉంటుంది, పొద్దున మంచు ఉంటుంది. రాత్రి బయట కూర్చోవచ్చు. ఆగాలన్న కోరిక మనిషికి అప్పుడే పుడుతుంది. రెండేళ్ళకోసారి మేడారం జాతర దీనికి కలుస్తుంది. జాతర ఆదాయం చాలా పెద్దది, కానీ కొన్ని రోజులదే. దాన్ని ఉద్యోగం అనలేం. దుకాణం పెట్టి సంపాదించి, పాత బాకీ తీర్చుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. దాన్ని చూసి శాశ్వత కట్టడానికి అప్పు చేసినవాళ్ళు ఇబ్బంది పడ్డారు.

మార్చి నుంచి జూన్ మొదటివారం దాకా పర్యాటకం దాదాపు సున్నా. ఇక్కడ ఇంకో విషయం ఉంది. లక్నవరం మొదట సాగునీటి చెరువు. యాసంగి వరికి నీళ్ళు వదులుతారు, ఎండ పెరిగేకొద్దీ నీటిమట్టం తగ్గుతుంది. అది తప్పు కాదు. ఆ నీళ్ళ కింద నాట్లు, కోతలు, ట్రాక్టర్లు, రైస్ మిల్లులు నడిచి ఎంతోమందికి పని దొరుకుతుంది. పడవలు తిప్పడం కోసం నీళ్ళు ఆపమని ఎవరైనా అడిగితే నేను రైతు వైపే నిలబడతాను.

ఇక డబ్బు ఎవరికి చేరుతుందన్నది చూద్దాం. పగలు వచ్చి పోయే కారు ఊళ్ళో వదిలేది పార్కింగు, టికెట్టు, టీ, ఒక పూట తిండి. రాత్రి ఆగే కారు వదిలేది అంతకు చాలా రెట్లు. వంట చేసేవాళ్ళు, గదులు ఊడ్చేవాళ్ళు, దుప్పట్లు ఉతికేవాళ్ళు, పాలు, నాటుకోడి, చేపలు, తెల్లారి రామప్ప చూపించే గైడు, జీపు డ్రైవరు, ఇలా ఒక్కొక్కరికీ కొంత చేరుతుంది. రామప్పకు 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక జనం పెరిగారన్నది నిజం. అయితే వరంగల్ నుంచి ఇటు రోడ్డు బాగుపడటంతో, హైదరాబాద్‌లో పొద్దున్నే బయలుదేరితే రామప్ప, లక్నవరం రెండూ చూసుకుని రాత్రికల్లా ఇల్లు చేరొచ్చు. రోడ్డు మంచిగా ఉన్నందుకు మనుషులు ఎక్కువ వచ్చారు, అందుకే తక్కువసేపు ఉన్నారు. మీరు గదులు కట్టే ముందు వాళ్ళు ఎందుకు ఆగాలో ఒక కారణం మీ దగ్గర ఉండాలి. "మా చెరువు బాగుంటుంది" అన్నది చాలదు. చెరువు పగలు కూడా బాగానే ఉంటుంది.

నేను చూసినవాళ్ళలో నిలబడ్డవాళ్ళు ఎలాంటివాళ్ళో చెప్తాను.

జంగాలపల్లి క్రాస్ వైపు మెయిన్ రోడ్డు మీద ఒకాయన చిన్న హోటల్ పెట్టుకున్నాడు. రామప్ప జనం ఆదివారం వస్తారు. మిగతా ఆరు రోజులు ఛత్తీస్‌గఢ్ వైపు పోయే లారీలు, బస్సులు, ఆఫీసులకు పోయే స్టాఫ్. ఎండాకాలంలో కూడా ఆయన కిస్తీ ఆగలేదు. అదే కాలంలో గుడికి ఇంకా దగ్గరగా, ఇంకా అందమైన చోట పెట్టిన హోటల్ ఒకటి మూడో ఎండాకాలం దాటలేదు. దాని ముందు నుంచి లారీ పోదు.

లక్నవరం వైపు ఒక మహిళా సంఘం భోజనాలు మొదలుపెట్టింది. అన్నం, జొన్నరొట్టె, నాటుకోడి కూర, బొంగు చికెన్. వాళ్ళు మొదటి రోజు నుంచీ ఒక నియమం పెట్టుకున్నారు: కూరగాయలు, కోళ్ళు, చేపలు సాధ్యమైనంత ఊళ్ళోనే కొనాలి. కొన్ని పెద్ద రిసార్టులు సరుకు మొత్తం వరంగల్ నుంచి తెచ్చుకుంటాయి, మేనేజరూ వంటవాడూ బయటి నుంచే వస్తారు, ఊరివాళ్ళకు వాచ్‌మన్ పని మిగులుతుంది. ఈ ఆడబిడ్డలు పెట్టిన చిన్న హోటల్ వల్ల చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళకు చేతిఖర్చు దొరికిందో, నా దృష్టిలో దాని విలువ పెద్ద రిసార్టు కంటే ఎక్కువ. ఎండాకాలం వచ్చిందంటే వాళ్ళు హోటల్ మూసి, బీడీలకు వాడే తునికాకు కోసి అమ్మే కల్లానికి పోతారు. యాభై ఆకులకొక కట్ట చొప్పున కట్టి కల్లంలో అప్పజెప్తారు. పర్యాటకం లేని నెలల్లో అడవి ఇచ్చే పని అది. ఆ రెండూ కలిస్తేనే ఏడాది గడుస్తుంది.

ఇక్కడే మీ మొదటి ప్రశ్నకు అసలు జవాబు ఉందనుకుంటున్నాను. మన వాతావరణం ఉద్యోగాలు ఇవ్వడం లేదన్నది నిజం కాదు. పొలంలో, మార్కెట్లో చాలా ఇస్తోంది, మనం ఆ వైపు చూడటం లేదు. ఎర్ర మిర్చి ఎండాలంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మబ్బులేని ఎండ కావాలి. పర్యాటకులను తరిమే ఎండే మిర్చికి రంగు తెస్తుంది. ఏరడానికి మన వైపు కూలీలు సరిపోక ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి చేన్లలోనే గుడిసెలు వేసుకుంటాయి. పంట వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోతుంది, అక్కడ హమాలీలు, కోల్డ్ స్టోరేజీలు, ట్రాన్స్‌పోర్టు. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నిజామాబాద్ వైపు పసుపు, జగిత్యాల వైపు మామిడి, అన్నీ ఆ ఎండ, ఆ నేల ఇచ్చినవే.

అంటే పరిస్థితి ఇది: మీ ఊరు పనికి మనుషులు చాలక బయటి నుంచి తెచ్చుకుంటోంది, అదే సమయంలో చదువుకున్న తన పిల్లలను హైదరాబాద్ పంపుతోంది. కొరత పనికి కాదు, డిగ్రీ చదివినవాడు చేయదగ్గ పనికి. మిర్చిని మూటకట్టి అమ్మేస్తాం. గ్రేడింగు, పొడి, ప్యాకింగు, నాణ్యత పరీక్ష అన్నీ ఇంకోచోట జరుగుతాయి. చదువుకున్నవాడికి జీతం ఉన్నది ఆ దశల్లో. తేనె, ఇప్పపువ్వు, వెదురు విషయంలోనూ ఇంతే. మీ తరం ఈ వైపు చూస్తే బాగుంటుందని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఇందులోనూ వాతావరణం భయం ఉంటుంది, 2022 జనవరిలో నర్సంపేట, పరకాల వైపు వడగళ్ళు పడి మిర్చి నేలపాలైన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. అయినా దీని గిరాకీ శని, ఆదివారాలతో ఆగేది కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2019లో ములుగు జిల్లా అయ్యాక వచ్చిన ఆఫీసులు, తర్వాత వచ్చిన సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయం, వీటి చుట్టూ పుట్టిన అద్దె ఇళ్ళు, మెస్సులు, జిరాక్స్ షాపులు ఇచ్చిన స్థిరమైన పని ఏ జలపాతమూ ఇవ్వలేదు. నెల జీతం తీసుకునేవాళ్ళు ఊళ్ళో ఉంటే ఏం జరుగుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు మీ కాటేజీ లెక్క. నాలుగు గదులు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా సుమారు 20 శనివారాలు, పండుగ రాత్రులు ఇంకో 10 అనుకుందాం. 30 రాత్రులు, నాలుగు గదులూ నిండాయనే అనుకుందాం, మొత్తం 120. రోజుకు 1,500 చొప్పున 1,80,000 రూపాయలు. పది లక్షలకు 11 శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 1,10,000 వడ్డీకే పోతుంది. మిగిలిన 70,000లో అసలు కట్టాలి, కరెంటు, మనిషి జీతం, ఉతుకుడు, రిపేర్లు, ఆన్‌లైన్ బుకింగ్ కమీషన్ అన్నీ రావాలి. మీ తిండి ఇంకా లెక్కలోకే రాలేదు. ఇది కూడా అన్ని గదులూ నిండితే, మొదటి ఏడాది అలా నిండవు.

అదే మీ ఇంట్లో ఉన్న రెండు గదులకు సున్నం వేసి, మంచి బాత్రూమ్ కట్టి, దోమతెరలు పెడితే ఖర్చు మీ జీతంలోంచే వెళ్తుంది. గది అద్దె కంటే భోజనం, వాహనం, గైడు మీదే ఎక్కువ మిగులుతుంది. మీ అమ్మగారు వండిన నాటుకోడి కూరకు మనిషి మళ్ళీ వస్తాడు. చీకటితోనే లేపి పక్షులను చూపించడం, పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళకు రామప్ప తీసుకెళ్ళి శిల్పాలు వివరంగా చెప్పడం, ఇవి రాత్రి ఆగినవాడికే దక్కుతాయి. ఆగడానికి కారణం కావాలన్నది ఇందుకే. రామప్ప గురించి గట్టిగా చదవండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడన్న ఒక్క వాక్యంతో ఆపకుండా, ఇసుక నింపిన పునాది గురించి, శిఖరానికి వాడిన తేలికపాటి ఇటుకల గురించి, మదనికలు అనే స్త్రీ శిల్పాల గురించి చెప్పగలిగితే మీరు మంచి గైడు అవుతారు. ఇంగ్లీషు, హిందీ వచ్చిన గైడ్ల అవసరం నాకు స్పష్టంగా కనబడుతోంది.

పనివాళ్ళ సంగతి ముందే ఆలోచించండి. మీ సీజను మొదట్లో పత్తి తీత, చివర్లో మిర్చి ఏరుడు. ఆ నెలల్లో కైకిలి రేట్లు పెరుగుతాయి, జీతానికి పెట్టుకున్న మనిషి చేనుకు పోతాడు, అతన్ని తప్పుపట్టలేం. ఇంటివాళ్ళతో నడిచేంత చిన్నగానే మొదలుపెట్టండి.

భూమి విషయం అన్నిటికంటే ముందు తేల్చుకోండి. మీ గ్రామం షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే గిరిజన ప్రాంతంగా ప్రకటించిన చోట ఉంటే, గిరిజనుల భూమికి రక్షణగా ఉన్న 1/70 చట్టం వర్తిస్తుంది. గిరిజనేతరులు అక్కడ భూమి కొనలేరు, బినామీ పేరుతో రాయించుకుంటే తర్వాత ఏళ్ళ తరబడి కోర్టు టెన్షన్. కొందరు దీన్ని అభివృద్ధికి అడ్డం అంటారు, నేను ఒప్పుకోను. ఆ చట్టం లేకపోతే లక్నవరం చుట్టూ భూములు ఎప్పుడో చేతులు మారేవి, కోయ కుటుంబాలు తమ భూమిలోనే వాచ్‌మన్లయ్యేవాళ్ళు. మీరు గిరిజనులైతే ఏటూరునాగారం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ)లో పథకాలు అడగండి. కాకపోతే మీ సొంత పట్టా ఇంటికే పరిమితం కండి. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు) లోపల, అటవీ భూమిలో, రామప్ప చుట్టూ ఉన్న రక్షిత హద్దుల్లో ఏ కట్టడమూ అనుమతి లేకుండా మొదలుపెట్టొద్దు. ఎమ్మార్వో ఆఫీసులోనూ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులోనూ రాతపూర్వకంగా తెలుసుకోండి, నోటిమాట సరిపోదు.

ఉద్యోగం సంగతికొస్తే, ఒక పూర్తి ఏడాది దాన్ని పట్టుకునే ఉండండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా శని, ఆదివారాలు ఊరికి రండి, మిగతా రోజులు ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు. ప్రతి గదికి, ప్రతి రాత్రికి, ప్రతి భోజనానికి నోటుబుక్కులో రాయండి, ఖాళీ రాత్రులు కూడా రాయండి. మార్చిలో ఆ పుస్తకం తెరిస్తే, మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఇల్లు ఎలా గడవాలో అందులోనే కనబడుతుంది. ఆ ఏడు నెలలకు మిర్చి పొడో, రోడ్డు మీద హోటలో, ఇంకో పనో కుదిరితే, అప్పుడు రాజీనామా గురించి మళ్ళీ రాయండి. లోను కాగితాలు ఎలా పెట్టుకోవాలో నేను కూర్చుని చెప్తాను.